టూ-వే స్పీకర్లకు యాక్టివ్ క్రాసోవర్: అనలాగ్ మేలా, డీఎస్పీ మేలా?

ప్రశ్న:
నా టూ-వే స్పీకర్లలోని పాసివ్ క్రాసోవర్‌ను (యాంప్లిఫయర్ తర్వాత సిగ్నల్‌ను కింది, పై ఫ్రీక్వెన్సీలుగా విడదీసే సర్క్యూట్‌ను) తొలగించి, యాంప్లిఫయర్ ముందే విడదీసే యాక్టివ్ క్రాసోవర్‌తో వూఫర్‌కూ (కింది ధ్వనుల డ్రైవర్) ట్వీటర్‌కూ (పై ధ్వనుల డ్రైవర్) వేర్వేరు యాంప్లిఫయర్ ఛానళ్లు ఇవ్వాలనుకుంటున్నాను. ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ రెట్టింపు లేదా సగం అయ్యే ప్రతిసారీ) 24 డెసిబెల్స్ చొప్పున తగ్గించే అనలాగ్ క్రాసోవర్ సరిపోతుందా, డీఎస్పీ (సిగ్నల్‌ను డిజిటల్‌గా మార్చి విడదీసే ప్రాసెసర్) అవసరమా? నేను ఎక్కువగా వినేది గ్రామఫోన్ రికార్డులు కనుక, ఆ సిగ్నల్‌ను డిజిటల్‌లోకి మార్చడానికి మనసు ఒప్పడం లేదు.

జవాబు 1:
డీఎస్పీయే తీసుకోండి. మీరు తీసేయబోయే పాసివ్ క్రాసోవర్ ధ్వనిని రెండుగా విడదీయడంతో ఆగదు. ట్వీటర్ స్థాయిని వూఫర్‌కు సరితూచడం, బాక్సు ముందు పలక వెడల్పు వల్ల కింది ఫ్రీక్వెన్సీలలో వచ్చే లోటును పూడ్చడం కూడా సాధారణంగా దాని పనులే. మామూలు అనలాగ్ క్రాసోవర్లలో స్థాయి సర్దుకునే వీలుంటుంది గాని, ఆ లోటును పూడ్చే ఈక్వలైజేషన్ (ఫ్రీక్వెన్సీల వారీ సర్దుబాటు) అరుదు. ఇలాంటి 24 డెసిబెల్స్ క్రాసోవర్లలో సాధారణంగా వాడే లింక్‌విట్జ్-రైలీ ఫిల్టర్‌లో రెండు భాగాలూ క్రాసోవర్ బిందువు వద్ద 6 డెసిబెల్స్ తగ్గి, కలిసినప్పుడు సమంగా వస్తాయన్నది నిజమే, కానీ అది డ్రైవర్ల సొంత రెస్పాన్స్ (ఫ్రీక్వెన్సీల వారీ ధ్వని స్థాయి) అక్కడ సమంగా ఉండి, రెండింటి ధ్వనీ ఒకేసారి చెవికి చేరితేనే. ధ్వని 0.1 మిల్లీసెకనులో సుమారు 34 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది; వూఫర్ కోను ట్వీటర్ కంటే ఆ మాత్రం వెనకబడి ఉండటం సర్వసాధారణం. డీఎస్పీలో ట్వీటర్‌కు అంత ఆలస్యం ఇస్తే చాలు.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తాను. రికార్డు ఉపరితలపు రొద మంచి అనలాగ్-డిజిటల్ కన్వర్టర్ల రొద కంటే చాలా ఎక్కువ కనుక మీ సందేహానికి ఆధారం తక్కువ. అసలు చూడవలసింది సిగ్నల్ స్థాయి. స్టూడియో పరికరాలు +4 డీబీయూ అనే ఎక్కువ వోల్టేజి స్థాయికి, గృహ పరికరాలు -10 డీబీవీ అనే తక్కువ వోల్టేజి స్థాయికి రూపొందుతాయి. తేడా దాదాపు 12 డెసిబెల్స్. స్టూడియో తరహా క్రాసోవర్‌కు బలహీనమైన సిగ్నల్ ఇచ్చి, ఆ లోటును యాంప్లిఫయర్ గెయిన్‌తో భర్తీ చేస్తే ట్వీటర్‌లో బుస వినిపిస్తుంది. కొలిచే మైక్రోఫోన్ కొనే ఉద్దేశం లేకపోతే మాత్రం, డీఎస్పీ అయినా అనలాగ్ అయినా, ఈ మార్పే వద్దంటాను.

ప్రశ్నించినవారు:
మైక్రోఫోన్ ఉంది. క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ ఎంత పెట్టాలి? ట్వీటర్‌ను నేరుగా యాంప్లిఫయర్‌కు కలిపితే ప్రమాదమా?

జవాబు 1:
ట్వీటర్ రెజొనెన్స్‌కు (అది సహజంగా ఎక్కువగా కంపించే ఫ్రీక్వెన్సీకి) కనీసం రెట్టింపు పైన మొదలుపెట్టి, కొలతలను బట్టి సర్దండి. ప్రమాదం ఉంది: ఆన్ చేసినప్పుడు వచ్చే ఒక్క దెబ్బకే ట్వీటర్ కాయిల్ కాలిపోవచ్చు. 8 ఓముల ట్వీటర్‌కు వరుసలో 40 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ పెడితే సుమారు 500 హెర్ట్జ్ నుంచి కిందివి తగ్గుతూ పోతాయి, డీసీ పూర్తిగా ఆగుతుంది. కొలతలు అది పెట్టాకే తీసుకోండి. ఆన్ చేసేటప్పుడు ముందు క్రాసోవర్, తర్వాత యాంప్లిఫయర్లు. ఆపేటప్పుడు ముందు యాంప్లిఫయర్లు.