మైక్రోవేవ్‌లో పప్పు అంచులు ఉడుకుతాయి, నడుమ చల్లగా ఉంటుంది, ఎందుకు?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

ఇంట్లోకి మైక్రోవేవ్ తెచ్చుకుని నెల దాటింది. రాత్రి మిగిలిన పప్పు ఫ్రిజ్‌లోంచి తీసి రెండు నిమిషాలు పెడితే గిన్నె అంచుల దగ్గర కుతకుతా ఉడుకుతుంది, నడుమ గరిటె పెట్టి చూస్తే చల్లగానే ఉంటుంది. జొన్న రొట్టె అయితే తీసినప్పుడు మెత్తగానే ఉండి, తినడానికి కూర్చునేసరికి అట్టముక్కలా బిగుసుకుపోతుంది. అమ్మిన అబ్బాయి లోపలి నుంచి వేడి చేస్తుందని చెప్పాడు. లోపల మంట లేదు, కాయిల్ లేదు, అసలు ఆ వేడి ఎక్కడిది? మా అత్తమ్మ రేడియేషన్ అని టెన్షన్ పడి, అందులో వేడి చేసింది పిల్లలకు పెట్టనివ్వడం లేదు.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను అక్కా. లోపలి నుంచి వేడెక్కుతుందనేది తప్పు మాట. నీటి అణువుకు ఒక వైపు కొంచెం పాజిటివ్, ఇంకో వైపు కొంచెం నెగటివ్ ఛార్జ్ ఉంటుంది. ఓవెన్‌లోని తరంగం సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతుంది, దానితో పాటు తిరగాలని ప్రతి అణువూ చూస్తుంది. చెర్వుగట్టు జాతరలో కిక్కిరిసిన జనం అందరూ ఒకేసారి అటూ ఇటూ తిరగబోతే ఎలా ఉంటుందో అలా పక్కవాటిని గుద్దుకుంటాయి, ఆ కదలికే వేడి. కానీ తరంగం పప్పులాంటి తడి పదార్థంలోకి ఒకటి రెండు సెంటీమీటర్లు పోయేసరికే చాలావరకు బలం తగ్గిపోతుంది. అక్కడి నుంచి నడుమకు వేడి మామూలుగా పాకాల్సిందే, దానికి టైం పడుతుంది. లోతు గిన్నె మానేసి వెడల్పు పళ్లెంలో పలచగా పరిచి పెట్టండి, సగంలో ఒకసారి కలపండి, తీశాక రెండు నిమిషాలు మూతపెట్టి ఉంచండి.

ఇంకోటి, లోపల తరంగాలు గోడలకు తగిలి తిరిగొచ్చి ఒకదానితో ఒకటి కలవడం వల్ల కొన్నిచోట్ల వేడి ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ. పళ్లెం తిరిగేది అందుకే. తిరిగే పళ్లెం తీసేసి, కదలకుండా పచ్చి అప్పడాలు పరిచి కొద్ది సెకన్లు పెట్టి చూడండి, అక్కడక్కడ మాత్రమే పొంగుతాయి. మా పిల్లలకు ఇది చూపించినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి!

జవాబు (వనపర్తి నుంచి)

రొట్టె సంగతి నేను చెప్తా. లోపలి గాలి వేడెక్కదు, రొట్టెలో తడి మాత్రం ఆవిరై పోతుంది, అందుకే చల్లారగానే గట్టిపడుతుంది. నీళ్లు చల్లి తడిబట్టలో చుట్టి 20 సెకన్లు పెట్టి వెంటనే తినండి. నిజానికి జొన్న రొట్టెకు పెనమే మంచిది, నేనైతే ఓవెన్ జోలికే పోను. కోడిగుడ్డు పెంకుతో అస్సలు పెట్టొద్దు, పేలుతుంది.

జవాబు (నల్లగొండ నుంచి)

రిపేర్ షాపు నాది. అత్తమ్మగారికి చెప్పండి, ఈ తరంగాలు ఎక్స్‌రే లాంటివి కావు, ఆపగానే ఆగిపోతాయి, అన్నంలో ఏమీ మిగలదు. తరంగం పొడవు 12 సెంటీమీటర్లు, తలుపు జాలీ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లే, అందుకే అది అందులోంచి బయటికి రాదు. తలుపు వంగినా, సరిగా పడకపోయినా మాత్రం వాడొద్దు. వెనక మూత మీరు విప్పొద్దు, ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంట్ ఉండిపోవచ్చు. లోపల ఈ తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ మొదట రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ల కోసం వాడింది. 1945లో దాని దగ్గర నిలబడ్డ అమెరికా ఇంజనీర్ పెర్సీ స్పెన్సర్ జేబులో తినుబండారం కరిగిపోవడంతోనే ఈ ఓవెన్ ఆలోచన పుట్టింది.

ప్రశ్న అడిగినవారు

అప్పడాలు మచ్చలుమచ్చలుగా పొంగాయి, పిల్లలు, అత్తమ్మ కూడా చూశారు! పప్పు పళ్లెంలో బాగా వేడెక్కింది. అత్తమ్మ ఇంకోటి అడుగుతోంది, ఇందులో కాచితే మన బోరు నీళ్ల ఫ్లోరైడ్ పోతుందా అని.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

పోదక్కా. ఇందులో అయినా పొయ్యి మీద అయినా మరిగేకొద్దీ నీళ్లే ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ అలాగే ఉండి ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తేర్చే నల్లగొండ పద్ధతి గానీ, ఆర్ఓ గానీ ఉండాలి. పిల్లలకు బోరు నీళ్లు మాత్రం తాగించకండి.