ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్లకు ఉత్తరాలు రాయాలనుంది, ఎలా మొదలుపెట్టాలి?

హన్మకొండ_పిల్ల:
అందరికీ నమస్తే. మా ఊళ్లో ఒక వృద్ధాశ్రమం ఉంది. పుట్టినరోజులకీ పండగలకీ ఎవరో ఒకరు వచ్చి పండ్లు, దుప్పట్లు పంచి ఫొటో దిగి వెళ్తుంటారు, మంచిదే, కానీ అక్కడున్న ఒక్కో మనిషికి వాళ్ల పేరు మీద వచ్చేది ఏదీ ఉండదు కదా, అది నా మనసులోంచి పోవట్లేదు. అందుకే నేనూ మా రూమ్‌మేట్సూ నెలకోసారి చేత్తో ఉత్తరాలు రాసి పంపుదాం అనుకుంటున్నాం. అమెరికాలో 2013లో మొదలైన 'లవ్ ఫర్ అవర్ ఎల్డర్స్' వాళ్లు ఇదే పని చేస్తున్నారని చదివాను. మరి మన దగ్గర ఎలా చేయాలి? అస్సలు తెలియని మనిషికి ఏం రాస్తాం? మా అడ్రస్ ఇవ్వాలా? కార్డు చూసి కంగారు పడతారేమో అని అదొక టెన్షన్.

గోదారి_గట్టు:
చాలా మంచి ఆలోచనమ్మా. నేను ఒక ఆశ్రమానికి ఆదివారాలు వెళ్తుంటాను కాబట్టి చెప్తున్నా. ముందు అక్కడి నిర్వాహకులతో మాట్లాడు, ఉత్తరం కావాలన్నవాళ్ల పేర్లే తీసుకో. అందరికీ చదవడం రాదు, వచ్చినవాళ్లలో చాలామందికి చూపు ఆనదు, అందుకని నల్ల ఇంకుతో పెద్ద అక్షరాలు, లైన్ల మధ్య బాగా ఖాళీ. చదివి వినిపించే మనిషి ఒకరు ఉండేలా మాట్లాడుకో. ఇంకో ముఖ్యమైన సంగతి, ఒక గదిలో నలుగురుంటే నలుగురికీ రాయాలి. ఒకరికి వచ్చి పక్క మంచం ఆవిడకి రాకపోతే ఆవిడ పడే బాధ నేను చూశాను, దానికన్నా అసలు రాయకపోవడమే నయం.

ఏం రాయాలంటే, జాలి మాత్రం వద్దు. పిల్లలు వస్తున్నారా, ఇల్లు గుర్తొస్తుందా లాంటివి అడగొద్దు. నీ సంగతులు రాయి. మామిడికాయ పప్పు ఎలా కుదిరింది, బస్సులో ఎవరు కలిశారు, వాన పడిందా లేదా. "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెడితే వాళ్ల మొహాలు వెలిగిపోతాయి, ఆ వరుస విని ఎన్నేళ్లయిందో వాళ్లకి.

పాతకాలం_మనిషి:
మీరు కంగారు గురించి అడిగింది చాలా సరైన ప్రశ్న. మా రోజుల్లో తెలియనివాళ్ల దగ్గర్నుంచి కార్డు వచ్చిందంటే ఎక్కువగా అది 'ఫలానా దేవుడి మహిమ, ఇన్ని కార్డులు రాసి పంచు, పంచకపోతే కీడు' అనే రకమే. చావు కబురు కూడా కార్డు మీదే వచ్చేది, చదివేసి ఇంట్లో పెట్టకుండా చింపేసేవాళ్లు. ఆ భయం మా వయసువాళ్లలో ఇప్పటికీ ఉంటుంది. అందుకే పేరు పెట్టి పిలిచి, మొదటి రెండు వాక్యాల్లోనే మీరెవరో, ఎందుకు రాస్తున్నారో చెప్పేయండి. కాగితం మూలలకి కాస్త పసుపు రాయండి, శుభవార్త అని చూడగానే తెలుస్తుంది.

వైజాగ్_కార్డులు:
నేను పోస్ట్‌క్రాసింగ్‌లో ఉన్నాను. 2005లో పోర్చుగల్ ఆయన పావులో మగల్యాయిష్ మొదలుపెట్టిన పద్ధతి అది. మనం ఒకరికి కార్డు పంపుతాం, అది అందిందని వాళ్లు నమోదు చేయగానే వేరే దేశంలోని ఇంకెవరికో మన అడ్రస్ వెళ్తుంది, కార్డు వాళ్ల దగ్గర్నుంచి వస్తుంది. అంటే మనం రాసిన మనిషి నుంచి జవాబు ఆశించే పనే లేదు. మీరూ అలాగే పెట్టుకోండి, "జవాబు రాయకపోయినా పర్లేదు" అని ఉత్తరంలోనే రాసేయండి, లేకపోతే చేతులు వణికే పెద్దాయన దాన్ని అప్పులా మోస్తాడు. ఇంటి అడ్రస్ మాత్రం ఇవ్వకండి. ఎవరైనా జవాబు రాస్తే ఆశ్రమం వాళ్లే తీసి పెడతారు.

కృష్ణాతీరం:
నాదొక అభ్యంతరం. ఊళ్లోనే ఉన్నప్పుడు ఉత్తరం ఎందుకు, వెళ్లి ఓ గంట కూర్చుంటే పోలా?

గోదారి_గట్టు:
వెళ్లడం గొప్పే అండి, కాదనను. కానీ మనం వచ్చేశాక మాట మిగలదు, కాగితం మిగులుతుంది. మా దగ్గర ఒక తాతగారు ఒకే ఉత్తరాన్ని వచ్చిన ప్రతివాళ్లతోనూ మళ్లీ మళ్లీ చదివించుకుంటారు.

హన్మకొండ_పిల్ల:
అందరికీ చాలా థ్యాంక్స్. ఒక గదిలో ఉన్నవాళ్లందరికీ రాయాలన్న సంగతి నాకు తట్టనే లేదు. కార్డు మంచిదా, కవరా?

పాతకాలం_మనిషి:
కార్డు అర్ధరూపాయే, కానీ దారిలో అందరూ చదువుతారు, పెద్ద అక్షరాలకి చోటూ చాలదు. రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ లెటర్‌ని విప్పడం వణికే చేతులకి కష్టం, అడ్డంగా చిరిగిపోతుంది. కవరే పంపండి, ఐదు రూపాయల స్టాంపుతో 20 గ్రాముల దాకా వెళ్తుంది. ఆశ్రమం పేరుతో పాటు మనిషి పూర్తి పేరు, గది నంబరు రాయండి, ఒకే పేరున్నవాళ్లు అక్కడ ఇద్దరు ముగ్గురు ఉంటారు.