వృద్ధులకు సహాయక పరికరాల వాడకం నేర్పే రోబోను ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న (పీజీ విద్యార్థిని, హనుమకొండ)

టేబుల్ మీద పెట్టుకునే చిన్న రోబో ఒకటి వినికిడి యంత్రం వాడకాన్ని, ఫోనులో తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడకాన్ని పెద్దవారికి తెలుగులో మాట్లాడుతూ నేర్పేలా మా బృందం తయారు చేసింది. హనుమకొండలోని ఒక వయోవృద్ధుల సంఘంలో ఒక్కొక్కరిని అరగంట రోబో ముందు కూర్చోబెట్టి, చివర, వాడకం ఎంత సులువుగా ఉందో కొలిచే సిస్టమ్ యూజబిలిటీ స్కేల్‌లోని పది వాక్యాలు చదివి వినిపించి, వారి అభిప్రాయం రాసుకోవాలని అనుకుంటున్నాము. ఇది సరిపోతుందా?

జవాబు 1 (ఆడియాలజిస్టు, కరీంనగర్)

సరిపోదు. మీ పద్ధతిలో రోబో నచ్చిందా లేదా అన్నది తెలుస్తుంది గాని, రోబో పక్కన లేనినాడు ఆ పెద్దమనిషి యంత్రాన్ని తానే పెట్టుకోగలరా అన్నది తెలియదు. పనిని మెట్లుగా విడదీయండి: జింక్-ఎయిర్ బ్యాటరీ మీది స్టిక్కరు ఒలిచి, గాలి తగిలేందుకు ఒక నిమిషం ఆగి, ప్లస్ గుర్తు సరైన వైపు ఉండేలా అమర్చడం, ఎర్ర గుర్తున్న యంత్రాన్ని కుడి చెవికి, నీలం గుర్తున్న దానిని ఎడమ చెవికి పెట్టుకోవడం, ఈల శబ్దం వస్తే మౌల్డును (చెవిలో అమరే అచ్చును) సరిగ్గా కూర్చోబెట్టుకోవడం. వీటిలో ఏది సొంతంగా చేశారో, ఏది గుర్తు చేస్తే చేశారో, ఏది చేయి పట్టి చేయించవలసి వచ్చిందో రాసుకొని, కొన్ని వారాల తరువాత వారి ఇంట్లోనే, రోబో లేకుండా మళ్లీ చేయించి చూడండి.

మరొక మాట. వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా ముందు దెబ్బతినేది హెచ్చు శ్రుతి ధ్వనులను వినే శక్తి. రోబోకు ముద్దుగా ఉంటుందని చిన్నపిల్లల గొంతు పెట్టి ఉంటే, ఎవరికి నేర్పదలచారో వారికే అది సరిగా వినిపించదు. అందువల్ల ముందుగా వినికిడి పరీక్ష చేయించకపోతే, నేర్చుకోలేకపోయారా, అసలు వినిపించలేదా అన్నది మీరు తేల్చలేరు.

జవాబు 2 (పరిశోధకుడు, కాజీపేట)

జాన్ బ్రూక్ 1986లో రూపొందించిన ఆ స్కేలులో అనుకూల వాక్యాలు అయిదు, ప్రతికూల వాక్యాలు అయిదు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ప్రతికూల వాక్యం చదివి వినిపించి "ఒప్పుకోరా?" అని అడిగితే, "అవును" అన్న సమాధానాన్ని ఎటు లెక్కించాలో అడిగినవారికే తెలియదు. వచ్చిన మార్కును శాతంగా చదవడం మరొక పొరపాటు. 100కు 68 దరిదాపుల్లో వస్తే అది సగటు మాత్రమే. పెద్దవారు రోబోను ఎంతవరకు స్వీకరిస్తారో కొలవాలంటే, వృద్ధులకు సాయపడే సామాజిక రోబోల కోసమే హీరింక్ బృందం 2010లో ప్రచురించిన ఆల్మెరె నమూనాను చూడండి. నమ్మకం, ఆనందం, చుట్టుపక్కలవారి ప్రభావం అందులో విడివిడిగా ఉంటాయి. తెర వెనుక విద్యార్థి కూర్చొని రోబో చేత మాట్లాడిస్తుంటే ఆ సంగతి నివేదికలో స్పష్టంగా రాయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అదే పాఠాన్ని ఒక మనిషి చెప్పినప్పటి ఫలితంతో పోల్చాలి. లేకపోతే వచ్చిన మార్పులో రోబో వాటా ఎంతో చెప్పలేము.

జవాబు 3 (విశ్రాంత ఉపాధ్యాయుడు, పరకాల)

తయారు చేసిన అమ్మాయే ఎదురుగా కూర్చొని అడిగితే, మా వయసువారు "పిల్ల చదువు ఆగమైతది" అనుకొని "మంచిగున్నది బిడ్డా" అనే అంటారు. అడిగే పని బయటివారికి అప్పగించండి. సంఘానికి వచ్చేవారిలో పింఛను తీసుకునే చదువుకున్నవారే ఎక్కువ. చదవడం రాని, బొంబాయికో దుబాయికో పోయిన కొడుకుతో మాట్లాడడానికే ఫోను పట్టే పల్లెటూరి అవ్వ మీ లెక్కలోకి రాకపోతే, ఆ ఫలితం ఆమెకు వర్తిస్తుందని రాయవద్దు.

ప్రశ్న అడిగినవారు

మా దగ్గర రోబో ఒక్కటే ఉన్నది, మనుషులు కూడా తక్కువ. పోలిక ఎలా సాధ్యం?

జవాబు 2 రాసినవారు

సగం మందికి వినికిడి యంత్రం పాఠం రోబోతోను, టాక్‌బ్యాక్ పాఠం మనిషితోను చెప్పించండి. మిగతా సగానికి అటుది ఇటు చేయండి. ప్రతి ఒక్కరూ రెండు పద్ధతులూ చూస్తారు కనుక తక్కువ మందితోనే కొంత పోలిక కుదురుతుంది. టాక్‌బ్యాక్‌ను ఆపడం కూడా పరీక్షలో ఒక మెట్టుగా పెట్టండి. అది నడుస్తున్నప్పుడు ఒకసారి తాకితే పేరు చదువుతుందే తప్ప తెరుచుకోదు, రెండుసార్లు తట్టాలి. దానిని ఆపకుండా మీరు వెళ్లిపోతే, ఫోను పాడైందని ఇంట్లోవాళ్లు మరునాడే దుకాణానికి పట్టుకుపోతారు.