రక్తం అంటిన తడి చొక్కాను పాలిథిన్ కవర్లో పెట్టొచ్చా?

ప్రశ్న: హత్యాస్థలంలో దొరికిన చొక్కా ఇంకా తడిగానే ఉంటే అలాగే కవర్లో వేసి సీల్ చేయొచ్చా?

జవాబు: వద్దండీ. పాలిథిన్‌లో తడి ఆరదు, బూజు, బ్యాక్టీరియా చేరి డీఎన్ఏను ముక్కలు చేసేస్తాయి. శుభ్రమైన కాగితం పరిచి నీడలో ఆరనివ్వండి. ఎండ, హెయిర్ డ్రయ్యర్ రెండూ చేటే. ఆరాక మడతల మధ్య కాగితం పెట్టి, ఒక్కో బట్టా విడి కాగితం కవర్లోకి.

జవాబు: గచ్చు మీద ఎండిన మరకకైతే, దాన్ని అద్ది తీసే దూది పుల్ల, అంటే స్వాబ్‌ను ఒకట్రెండు చుక్కల డిస్టిల్డ్ వాటర్‌తో తడిపితే చాలు, ముంచితే మరక పల్చబడుతుంది. పక్కన మరక లేని చోట కంట్రోల్ స్వాబ్ (పోల్చి చూడ్డానికి) కూడా తీయండి. ఎక్కువగా మరిచిపోయేది ఇదే!

జవాబు: లూమినాల్ (రక్తపు జాడ తగిలితే చీకట్లో వెలిగే రసాయనం) వెలిగినంత మాత్రాన రక్తమే అనుకోవద్దు, బ్లీచ్‌కూ వెలుగుతుంది. మరకలోని డీఎన్ఏతో పోల్చడానికి మనిషి నుంచి తీసే రక్తం ఊదారంగు మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం) ట్యూబులోనే. అదే పనికి వాడే హెపారిన్ అయితే, డీఎన్ఏ నకళ్లను పెంచే పద్ధతి పీసీఆర్‌కు అడ్డుపడుతుంది.