సైకిల్‌కి 46/30 క్రాంక్ (ముందు 46, 30 పళ్ల రింగులు) వేశాక చైన్ పెద్ద రింగు ఎక్కట్లేదు, ఏం చేయాలి?

ఇంగ్లాండ్‌లో వైట్‌హేవెన్ నుంచి టైన్‌మత్ దాకా సీ టు సీ రూటు (సుమారు 225 కి.మీ.) కోసం బైకు సిద్ధం చేస్తున్నాను. వెనక బ్యాగుల బరువు 12 కిలోలు. గ్యారిగిల్ నుంచి నెంట్‌హెడ్ వైపు ఎక్కే రోడ్డుకీ, స్టాన్‌హోప్ దాటాక వచ్చే క్రాలీసైడ్‌కీ 34-34 గేరు (ముందు 34, వెనక 34 పళ్లు) చాలదు. గంటకు 6 కి.మీ. వేగంలో పెడల్ నిమిషానికి 48 చుట్లకు పడిపోతుంది, భారమంతా మోకాళ్ల మీదే. అందుకే 50/34 తీసి 46/30 గ్రావెల్ క్రాంక్ వేశాను. వెనక 11-34 పళ్ల క్యాసెట్ మార్చలేదు. పళ్ల తేడా ముందు 16, వెనక 23, మొత్తం 39; వెనక లాంగ్ కేజ్ డిరైలర్ (చైన్‌ని గేరు నుంచి గేరుకు మార్చే భాగం) కెపాసిటీ కూడా అంతే, అక్కడ ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బందంతా ముందే. 30 నుంచి 46కి లివర్ పూర్తిగా నొక్కినా చైన్ పెద్ద రింగు పళ్ల పక్కన గరగరమంటుంది తప్ప ఎక్కదు. స్టాండ్ మీద చేత్తో తిప్పితే ఎక్కుతుంది, కానీ 46-11లో ముందు డిరైలర్ కేజ్ (చైన్‌ని పక్కకు నెట్టే ప్లేట్లు) బయటి ప్లేటుకు రాసుకుంటుంది.

కేజ్‌ని రింగుకు 2 మి.మీ. ఎత్తులో, సమాంతరంగా పెట్టాను. హై లిమిట్ స్క్రూ (కేజ్ బయటికి ఎంత దాకా వెళ్లాలో ఆపేది) పూర్తిగా వదులు చేశాను, కేబుల్ కొత్తది వేశాను. కేబుల్ ఇంకా బిగిస్తే చైన్ తిరిగి 30 మీదకి దిగనంటోంది.

నా అనుమానం చైన్‌లైన్ (ఫ్రేము మధ్య నుంచి ముందు రింగుల దూరం) మీదే. ముందు డిరైలర్ 44.5 మి.మీ. రోడ్ రకం, క్రాంక్ 46.9. ఆ 2.4 మి.మీ. లిమిట్ స్క్రూతో వచ్చేలా లేదు.

11 స్పీడ్ రోడ్ లివర్లు అలాగే ఉంచి, ముందు డిరైలర్ ఒక్కటే గ్రావెల్ రకానికి మారిస్తే, బ్యాగుల బరువుతో తొక్కేటప్పుడు 30 నుంచి 46కి నమ్మకంగా ఎక్కుతుందా?