వైల్డర్‌నెస్ రోడ్డు: డేనియల్ బూన్ వేసిందా, ఉన్న బాటకే ఆయన పేరు పడిందా?

కొండదారి:
పోయిన నెల అమెరికాలోని కంబర్లాండ్ గ్యాప్ చూసొచ్చాం. కెంటకీ, టెనెసీ, వర్జీనియా మూడూ కలిసేచోట అపలాచియన్ కొండల్లో ఉన్న కనుమ. వలసవాళ్ళు దీని గుండా కెంటకీకి వెళ్ళిన దారే వైల్డర్‌నెస్ రోడ్డు; డేనియల్ బూన్ ఆ కాలపు పేరుమోసిన వేటగాడు. మావాడి స్కూలు ప్రాజెక్టులో "వైల్డర్‌నెస్ రోడ్డు వేసినవాడు డేనియల్ బూన్, 1775" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకది మింగుడుపడలేదు. అక్కడి మూలవాసులైన చెరోకీలు, షానీలు ఆ కనుమ గుండానే తరతరాలుగా తిరిగారు. వాళ్ళ దారికి యోధుల బాట అనే పేరు కూడా ఉంది. ఉప్పు ఊటలు వెతుక్కుంటూ బైసన్ మందలు తొక్కిన జాడలు సరేసరి. పోనీ తెల్లవాళ్ళలోనైనా బూన్ మొదటివాడా అంటే, డాక్టర్ థామస్ వాకర్ 1750లోనే అక్కడికొచ్చి డైరీ రాసుకున్నాడు. మరి "వేసినవాడు" అనడం న్యాయమేనా?

పాతచెప్పులు:
న్యాయమే. వేటగాడికి జాడ తెలియడం వేరు, పిల్లాజెల్లాతో సంసారం గుర్రాలకెత్తుకొని పోగలగడం వేరు. 1775 మార్చి 10న హోల్‌స్టన్ నదిలోని లాంగ్ ఐలండ్ దగ్గర్నుంచి (ఇప్పటి టెనెసీలోని కింగ్స్‌పోర్ట్) బూన్ వెంట సుమారు 30 మంది గొడ్డళ్ళతో బయల్దేరారు. కెంటకీ నది దాకా దాదాపు 200 మైళ్ళు. మీరు చెప్పిన యోధుల బాట కనుమ దాటాక కొంతదూరం తోడొచ్చి, ఉత్తరానికి తిరిగిపోతుంది. అక్కడ్నుంచి బూన్ వేరే దారి పట్టాడు. ఆ గుంపులోని ఫెలిక్స్ వాకర్ తర్వాత రాసుకున్నదాని ప్రకారం, 20 మైళ్ళు ఎండిపోయిన పొదలు నరుక్కుంటూ, ఆపైన 30 మైళ్ళు వెదురులాంటి దట్టమైన రెల్లు కొట్టుకుంటూ పోయారు. ఇదంతా బైసన్లు చేసి పెట్టాయంటారా?

మెట్టభూమి:
రోడ్డు అనే మాట దగ్గరే నాకు పేచీ. 1796 దాకా ఆ దారిన బండి పోలేదు. గుర్రం మీద మూటలు, మిగతావాళ్ళు కాలినడక. కెంటకీ 1792లో రాష్ట్రమయ్యాక, ప్రభుత్వ డబ్బుతో వెడల్పు చేశాకే బండ్లు నడిచాయి. తమాషా ఏంటంటే, ఆ పని తనకివ్వమని 1796లో గవర్నర్ ఐజాక్ షెల్బీకి బూన్ స్వయంగా ఉత్తరం రాశాడు. స్పెల్లింగులు చూస్తే నవ్వొస్తుంది, విషయం చూస్తే జాలేస్తుంది. కాంట్రాక్టు ఆయనకు దక్కలేదు. కాబట్టి మీరిద్దరూ కొట్టుకుంటున్న మనిషి వేసింది గుర్రబ్బాట.

ఉప్పుకల్లు:
మీ ముగ్గురూ గొడ్డలి పట్టినవాడి చుట్టూనే తిరుగుతున్నారు. కూలి ఇచ్చిందెవరు? రిచర్డ్ హెండర్సన్, భూములు కొని అమ్మడానికి ఆయన పెట్టిన ట్రాన్సిల్వేనియా కంపెనీ. మన ఊళ్ళో వెంచర్ వేసేవాడు ముందు ఏం చేస్తాడు? అప్రోచ్ రోడ్డు వేస్తాడు. ఇదీ అంతే.

తేదీలు చూడండి. సికమోర్ షోల్స్ అనేచోట చెరోకీ పెద్దలు హెండర్సన్‌కి భూమి అమ్ముతూ సంతకాలు పెట్టింది మార్చి 17న. బూన్ బయల్దేరింది 10న. రిజిస్ట్రేషన్‌కి వారం ముందే చెట్లు కొట్టడం మొదలైంది! సుమారు 2 కోట్ల ఎకరాలకు 10,000 పౌండ్లు అన్నారు, అందులో ఎక్కువ భాగం సరుకులే. చెరోకీ పెద్దల్లో తండ్రి అటకుల్లకుల్ల ఒప్పుకున్నాడు, కొడుకు డ్రాగింగ్ కనూ ఎదురుతిరిగాడు (ఇలాంటి గొడవలు మనకు కొత్తా?). షానీలదీ ఆ నేల మీద హక్కే, వాళ్ళనసలు అడగలేదు. పైగా కొండలకు పడమట కాపురాలు పెట్టొద్దని బ్రిటిష్ రాజు 1763లోనే ఆజ్ఞ ఇచ్చాడు. చివరికి 1778లో వర్జీనియా ఆ కొనుగోలు చెల్లదంది. అయినా హెండర్సన్‌కి, భాగస్వాములకి 2 లక్షల ఎకరాలు పరిహారంగా ముట్టాయి.

ఇంకోటి. మార్చి 25న తెల్లవారకముందే బూన్ గుంపు మీద మూలవాసుల కాల్పులు జరిగాయి. బూన్ హెండర్సన్‌కి రాసిన ఉత్తరంలో చనిపోయినవాళ్ళు ఇద్దరు: ఆ గుంపులోని ట్విటీ గారు, ఆయన నల్లబానిస. రెండోవాడి పేరు రాయలేదు. దారి "వేసినవాళ్ళ" జాబితాలో ఆయన్ని ఎక్కడ పెడదాం?

పాతచెప్పులు:
వెంచర్ పోలిక బాగుంది, ఒప్పుకుంటా. కానీ బూన్‌ని బ్రోకర్‌ని చేయకండి. 1773లో ఇదే దారిన కుటుంబాలతో వెళ్ళబోయి కన్నకొడుకు జేమ్స్‌ని పోగొట్టుకున్నాడు. సంపాదించిన భూములూ కాగితాలు సరిగ్గా లేక చేజారాయి. 1799లో కెంటకీ వదిలి మిస్సోరీకి వెళ్ళిపోయాడు.

ఉప్పుకల్లు:
ఆయన నష్టపోయాడని నేనూ అంటాను. నష్టపోయినంత మాత్రాన ఆ వెంచర్‌కి పునాది రాయి కాకుండా పోడు. 1810 నాటికి రెండు మూడు లక్షల మంది ఆ కనుమ దాటారని అంచనా. వాళ్ళలో తమ ఇష్టంతో కాక యజమానుల వెంట నడిచిన బానిసలూ ఉన్నారు.

కొండదారి:
ఇంతదూరం వెళ్తుందనుకోలేదు. మావాడితో "వేసినవాడు" కొట్టేయించి, "కంపెనీ కోసం పాత బాటలు కలిపి, కొంత కొత్తగా నరికినవాడు" అని రాయించాను. పొడుగైందని గొణుగుతున్నాడు. అన్నట్టు, అక్కడ మట్టిబాట మీద నడుస్తుంటే ఒళ్ళు పులకరించింది, అదే నేల కదా అని.

మెట్టభూమి:
కొండదారి గారూ, పులకరింత కాస్త దాచుకోండి. 1996లో కొండ కింద హైవే సొరంగం తెరిచేదాకా ఆ కనుమ మీదుగానే హైవే ఉండేది. ఆ తర్వాత తారు పెకలించి, మట్టి నింపి, 2002 నాటికి పాత రూపానికి తెచ్చారు. మీరు నడిచిన బాట వేసింది బుల్డోజర్లు.