అప్‌డేట్: చేతిరాత ఫాంట్‌లో వత్తులు విడిపోవడం గురించి

పోస్టర్ హెడ్డింగ్‌కి లక్కి రెడ్డి అనే చేతిరాత ఫాంట్ పెడితే ఫోటోషాప్‌లో "స్త్రీ" కాస్తా "స్‌త్‌రీ" అయిపోతోందని, బోల్డ్ చేస్తే అక్షరాలు పూడుకుపోతున్నాయని అడిగాను కదా. రెండూ తేలాయి.

వత్తుల విషయంలో ఫాంట్ తప్పేమీ లేదు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోగానే వత్తులు కిందకి దిగాయి. మామూలు లాటిన్ లేఅవుట్ ఫాంట్‌లోని తెలుగు ఓపెన్‌టైప్ నియమాలను (ఏ అక్షరానికి వత్తు ఎలా కలవాలో చెప్పేవి) పట్టించుకోదు, అందుకే పొల్లు అలాగే మిగిలిపోతుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లోనూ వరల్డ్ రెడీ కంపోజరే పెట్టాలి.

ఇక బోల్డ్. ఈ ఫాంట్‌కి ఉన్నది ఒకే వెయిట్ (గీత మందం), విడిగా బోల్డ్ లేదు. బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ గీతని ఊరికే ఉబ్బిస్తుంది. ద-ధ, డ-ఢ తేడా అంతా అడుగున ఉండే చిన్న గీతలోనే ఉంది కాబట్టి ముందు పూడేది అదే. "ధనం" దూరం నుంచి "దనం" అవుతుంది. సైజు పెంచడమే మేలు.

హెడ్డింగ్ రెండు లైన్లైతే లీడింగ్ (లైన్ల మధ్య దూరం) ఆటోలో, అంటే అక్షరం సైజులో 120 శాతంలో వదలొద్దు. పై లైను వత్తు కింది లైను గుడిని గుద్దుకుంటుంది. 150 శాతంతో మొదలుపెట్టి కంటికి నచ్చేదాకా తగ్గించుకోవచ్చు.

"మమత"లాంటి మాటలో రెండు మ-లూ అచ్చుగుద్దినట్టుంటే చేతిరాత అని ఎవరూ నమ్మరు. అక్షరాలను షేప్‌గా, అంటే బొమ్మగా మార్చి రెండోదాన్ని 2-3 డిగ్రీలు తిప్పితే చాలు. టెక్స్ట్ లేయర్ కాపీ మాత్రం ఉంచుకోండి, షేప్‌లో అక్షరదోషాలు దిద్దలేం.

పోస్టర్ కింద చిన్న అక్షరాల వివరాలకి మండలి అనే ఫాంట్ వాడాను.